ఎనిమిది వందల గ్రాముల తేడా

2019 నవంబరు. అప్పటికి మాదింకా అనంతపురం జిల్లానే. నాకు అరవై నాలుగేళ్లు. ప్రభుత్వోద్యోగం నుంచి రిటైరై ఆరేళ్లయినా, దత్తత వ్యవహారాలు చూసే ఒక సంస్థకు సోషల్ వర్కరుగా పనిచేస్తూనే ఉన్నాను. ఇల్లు పెనుకొండలో. తిరుగుడు అంతా హిందూపురం నుంచి ధర్మవరం దాకా, కుదిరితే రైల్లో, కుదరకపోతే బస్సులో.

నా పని ఏమిటో ముందు చెప్పాలి. బిడ్డను దత్తత కోరే దంపతుల ఇంటికి వెళ్లి, వాళ్లతో, ఇంట్లో ఉన్న మిగతావాళ్లతో మాట్లాడి, ఆ ఇల్లు ఒక బిడ్డకు తగినదా కాదా అని రాసిచ్చే నివేదికను హోమ్ స్టడీ రిపోర్ట్ అంటారు. అది లేనిదే ఏ బిడ్డనూ చూపించరు. బిడ్డ ఇంటికి వచ్చాక రెండేళ్లపాటు వెళ్లి చూసి రావడాన్ని ఫాలో-అప్ అంటారు. ఆ రెండూ నేనే చేసేదాన్ని. నా సంచిలో ఒక టేపు, ఒక కెమెరా, ఒక తూకం మిషను, నోటుబుక్కు ఎప్పుడూ ఉండేవి. ఇంకొకరి మిషను మీద నాకు నమ్మకం లేదు. వెళ్లడానికి వారం రోజుల ముందే ఉత్తరం రాసి, తేదీ, గంట చెప్పి, ఆ గంటకే గుమ్మంలో ఉండేదాన్ని.

ఈ కేసులో పేర్లు మార్చాను. తేదీలు, తూకాలు నా నోటుబుక్కుల్లో ఉన్నవే.

ఎస్తేరు రొళ్ల దగ్గరి పల్లెలో పుట్టిన నర్సు. పదమూడేళ్లు ఐర్లాండులో పనిచేసింది. నాగభూషణం ధర్మవరం నేతవాళ్ల కొడుకు. మిషన్ల పనిమీద ఎస్తేరు ఉన్న ఊరికే వెళ్లి, అక్కడే ఆమెను పెళ్లి చేసుకున్నాడు. ఇద్దరివీ ఆ దేశపు పాస్‌పోర్టులే. 2016లో తిరిగి వచ్చి హిందూపురంలో ఇల్లు తీసుకున్నారు. ఆయన అక్కడి ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ చూస్తాడు. దత్తత చట్టం పాస్‌పోర్టు చూస్తుంది గాని పుట్టిన ఊరు చూడదు. కాబట్టి వాళ్లది విదేశీ దత్తత. అంటే వాళ్ల ఎంబసీ అభ్యంతరం లేదని ఎన్‌ఓసీ ఇవ్వాలి, ఢిల్లీ దాకా కాగితాలు పోవాలి.

"ధర్మవరం రైల్వే గేటు కాడ పుట్టినోణ్ని మేడం, కాగితాల్లో చూస్తే దొరనైపోయినా" అని నవ్వేవాడు నాగభూషణం.

2017 ఆగస్టులో వాళ్లకు పల్లవి వచ్చింది. వచ్చేనాటికి నాలుగేళ్ల ఒక నెల. పసికందుగా ఉన్నప్పటి నుంచి ఒక దత్తత కేంద్రంలో పెరిగిన పిల్ల. విదేశీ దత్తతకు ఫాలో-అప్‌లు మొదటి ఏడాది మూడు నెలలకొకటి, రెండో ఏడాది ఆరు నెలలకొకటి. మొత్తం ఆరు. ఆరింటికీ వెళ్లాను. వచ్చిన రోజు తూకం 13 కిలోల 200. తర్వాత వరసగా 13.7, 13.5, 14.0, 14.6, 15.1, 15.6. పెరగవలసినంత పెరగలేదు. రెండో తూకంలో తగ్గింది కూడా. జలుబు చేసి ఉంటుందని పక్కన రాసుకున్నాను. గుడ్డు, పప్పు ఎక్కువ పెట్టమని ఆరుసార్లూ చెప్పాను. ఆరు రిపోర్టుల్లోనూ ఒక వాక్యం మాత్రం మారలేదు: "పాపది బెరుకు స్వభావం, అడిగినదానికి జవాబు చెప్పదు."

2019 నవంబరు 4న ఆ దంపతులు రెండో బిడ్డ కోసం పేరు నమోదు చేసుకున్నారు. ముప్పై రోజుల్లో, అంటే డిసెంబరు 4 లోపల, నా రిపోర్ట్ వెళ్లాలి. ఇక్కడ ఒక లెక్క ఉంది. నాలుగేళ్ల లోపు బిడ్డ కావాలంటే నమోదు నాటికి భార్యాభర్తల వయసులు కలిపి తొంభై దాటకూడదు. ఆయనకు నలభై ఏడు, ఆమెకు నలభై రెండు. మొత్తం ఎనభై తొమ్మిది. నేను కాదని రాస్తే మళ్లీ మొదటి నుంచి నమోదు కావాలి. వచ్చే ఫిబ్రవరికల్లా ఇద్దరికీ పుట్టినరోజులు దాటి తొంభై ఒకటి అవుతుంది.

"పల్లవి నాలుగేళ్లు ఆడ ఉండి వచ్చింది మేడం. రెండోది అన్నేళ్లు ఆడ ఉండకముందే తెచ్చుకోవాలని" అంది ఎస్తేరు. వాళ్ల కోరిక అంతే.

నవంబరు 16, శనివారం, పది గంటలకు హిందూపురంలో వాళ్ల తలుపు తట్టాను. పల్లవి వెలిసిపోయిన పసుపు గౌనులో ఉంది. కుట్టు విప్పి పొడుగు పెంచిన గుర్తు అంచున కనిపిస్తోంది.

"కొత్త గౌను తొడిగితిని మేడం" అంది ఎస్తేరు ఇబ్బందిగా. "మీరు గేటు తీసిన చప్పుడు వింటానే విప్పేసింది."

ఇంట్లో ఐదేళ్లు దాటిన బిడ్డ ఉంటే ఆ బిడ్డ అభిప్రాయం కూడా అడిగి రాయాలి. తల్లిదండ్రులను వంటింట్లోకి పంపి పల్లవిని ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను.

"మీ ఇంటికి తమ్ముడో చెల్లెలో వస్తే నీకు ఇష్టమేనా?"

"బేడ" అంది. హిందూపురం పిల్లల నోట కన్నడం ఇట్టే వస్తుంది. వద్దని అర్థం.

"ఎందుకు వద్దు?"

పల్లవి నా సంచి వైపు చూస్తోంది.

మిషను తీసి నేలమీద పెట్టాను. పల్లవి కదల్లేదు. నాగభూషణం వచ్చి ఎత్తి నిలబెట్టాడు. 15 కిలోల 900. ఫోటో తీసుకున్నాను. ఎస్తేరు ఇచ్చిన బడి హెల్త్ కార్డు తిరగేస్తే నవంబరు 12న, నాలుగు రోజుల కిందట, బడిలో తూచిన బరువు ఉంది. 16 కిలోల 700.

ఎనిమిది వందల గ్రాముల తేడా. ఆరేళ్ల పిల్ల నాలుగు రోజుల్లో అంత తగ్గదు. ఏదో ఒక మిషను తప్పు.

నేను లేచేటప్పుడు ఎస్తేరు గుమ్మం దాకా వచ్చింది. "వద్దనిందా మేడం?"

"అనింది."

"అట్లే రాస్తారా?"

"విన్నది రాస్తానమ్మా. ఎందుకన్నదో తెలిస్తే అది కూడా రాస్తా."

మరుసటి రోజు మిషను పట్టుకొని పెనుకొండలో మా వీధి కిరాణా అంగడికి వెళ్లాను. ఆ అంగట్లో ముద్ర వేసిన ఇనప తూకపురాళ్లు ఇంకా ఉన్నాయి. ఐదు కిలోలవి మూడు, ఒక కిలో రాయి ఒకటి అడిగాను.

"ఏం మేడమ్మా, అనుమానం మా రాళ్ల మీదనా, నీ మిషను మీదనా?" అన్నాడు అంగడాయన.

"రెండింటి మీదా."

పదహారు కిలోలు పెడితే పదహారే చూపింది. తీసి మళ్లీ పెట్టాను. పదహారే. నా మిషను సరిగ్గానే ఉంది. బడి మిషను తప్పనుకుందామంటే, కార్డులో ఏడాదిన్నరగా ఉన్న తూకాలన్నీ ఒక వరసలో పెరుగుతూ వచ్చాయి. వాటి పక్కన నావి పెట్టి చూశాను. ప్రతిసారీ నావే ఆరేడు వందలు తక్కువ. అంటే రెండు మిషన్లూ సరైనవే. నేను వెళ్లిన రోజున మాత్రం ఆ పిల్ల బరువు తగ్గుతోంది.

20వ తేదీ బుధవారం ఎస్తేరుకు ఫోను చేసి ఈ మాటే చెప్పాను. సాయంత్రం రైల్లో పెనుకొండకు వచ్చేసింది. మంచినీళ్లు ఇచ్చాను. గ్లాసు చేతిలోనే పెట్టుకుంది.

"మీరు వస్తారని తెలిస్తే ముందు రోజు మధ్యాహ్నం నుంచే తినదు మేడం. కడుపునొప్పి అంటాది. పొద్దున నీళ్లు కూడా ముట్టదు. మీరు పోయినంక అరగంటకు సంగటి ముద్ద పెట్టించుకొని తింటాది."

"ఎప్పటి నుంచి?"

"మీరు రెండోసారి వచ్చినప్పటి నుంచి."

జలుబు అని నేను రాసుకున్న తూకం అది.

"ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?"

"నేను నర్సును. నా బిడ్డకే నేను కూడు పెట్టుకోలేకపోతాండానని రాస్తారేమోనని" అని, గ్లాసు కింద పెట్టింది. "ఇప్పుడు రెండో బిడ్డ కావాలంటాండాము. ఒకదాన్నే సాకలేనిది ఇంగొకరిని ఎట్లా అంటారు కదా మేడం. ఎవరైనా అంటారు."

అంటారు. నేనూ అనేదాన్నే. ఆమె వెళ్లాక ఆరు రిపోర్టుల్లోని ఆరు ఫోటోలూ, శనివారం తీసినదీ బల్లమీద పరిచాను. ఏడింటిలోనూ అదే పసుపు గౌను. మొదటి దాంట్లో మోకాళ్ల కిందికి ఉంది. చివరిదాంట్లో మోకాళ్ల పైకి వచ్చింది. రెండేళ్లుగా ఆ ఫోటోలను నేనే తీసి, నేనే వెనక తేదీ రాసి, నేనే అతికించాను. గౌను చూడలేదు.

ఆదివారం పల్లవి ధర్మవరంలో నాయనమ్మ దగ్గర ఉంటుందని ఎస్తేరు చెప్పింది. నేను వస్తున్నట్టు పిల్లకు చెప్పవద్దన్నాను. ముప్పై ఏళ్ల పనిలో చెప్పకుండా ఒకరింటికి వెళ్లడం, సంచి లేకుండా వెళ్లడం అదే మొదలు.

నవంబరు 24. పల్లవి నాయనమ్మ లక్ష్మమ్మ నా ఈడుదే. మగ్గం ముందు కూర్చుని వార్పు అతుకుతోంది. చీరకు నిలువునా సాగే పోగుల్ని వార్పు అంటారు. ఒక వార్పు అయిపోగానే దాని కొసలను మగ్గంలోనే వదిలి, కొత్త వార్పు పోగులను ఒక్కొక్కటిగా ఆ కొసలకు పురిపెట్టి అతకాలి. వేళ్లకు బూడిద అద్దుకుని చేస్తారు. ఎన్ని పోగులని అడిగాను. నాలుగు వేల ఎనిమిది వందలంది, తలెత్తకుండా.

పల్లవి గోడవార కూర్చుని బొరుగుల ఉగ్గాని తింటోంది. నన్ను చూసి ప్లేటు కింద పెట్టేసింది. నా రెండు చేతులూ చూసింది. నా వెనక గుమ్మం చూసింది.

"మిషన్ యాడ?"

"తేలేదు."

"ఫోటోలు తీసేది?"

"అదీ తేలేదు."

"ఊరికే వచ్చినావా?"

"ఊరికే."

"ఊరికే వచ్చే మనిషి కాదే ఆయమ్మ" అంది లక్ష్మమ్మ.

పల్లవి ప్లేటు మళ్లీ ఒళ్లోకి తీసుకుంది. నేను నేలమీద కూర్చున్నాను. మోకాళ్ల నొప్పి వల్ల కొంచెం సేపు పట్టింది. అది చూసి నవ్వింది. నా ఎదుట ఆ పిల్ల నవ్వడం అదే మొదటిసారి.

"మిషన్ ఎక్కితే ఏమైతుంది పల్లవీ?"

తింటూనే చెప్పింది. "ఆడ ఉన్నప్పుడు లత ఎక్కింది. ఎక్కినంక ఫోటో తీసినారు. కొత్త గౌను తొడిగినారు. కారొచ్చింది. పోయింది. మళ్లా బుజ్జిగాడు ఎక్కినాడు. వాడూ పోయినాడు."

"నువ్వూ ఎక్కినావు కదా?"

"ఎక్కినా. ఈడికి వచ్చినా."

"మంచిదే కదా?"

"మంచిదే. ఇంగ మళ్లా ఎక్కించొద్దు." ఒక మిరపకాయ ఏరి ప్లేటు అంచున పెట్టింది. "బరువు పెరిగితే పంపిస్తామని ఆడ ఆయా చెప్తాండె. తక్కువుంటే పంపరు."

కేంద్రాల్లో అది మామూలు పద్ధతే. బిడ్డను కొత్త ఇంటికి పంపే ముందు తూకం, ఎత్తు, ఫోటో తీసుకుంటారు. మంచి బట్టలు తొడుగుతారు. తిననని మారాం చేసే పిల్లలకు ఆయాలు అలాంటి మాటలే చెప్తారు. ఎవరి తప్పూ లేదు. ఆ పద్ధతి ఫారాలలో సగం నేను రాసినవే.

"మరి తమ్ముడు ఎందుకు వద్దు?"

ఇది కూడా తెలియదా అన్నట్టు చూసింది. "ఆడ మంచాలు తొమ్మిది ఉండాయి. కొత్త పాప వచ్చిందంటే ఒగరు పోయినట్టు. మా ఇంట్లో పిల్లోళ్ల మంచం ఒగటే."

లెక్కలో తప్పు లేదు. నేనైనా అంతే వేసేదాన్ని.

పొద్దున పాపతోపాటు వచ్చి, నడవలో నిలబడి వింటున్న ఎస్తేరు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లోపలికి రావద్దని చేత్తో సైగ చేశాను. లక్ష్మమ్మ మాత్రం పని ఆపకుండానే పిలిచింది.

"ఇట్రా పిల్లా. ఈ పోగులేమి?"

"పాతవి."

"చీర కోసేసినాం కదా, వీటిని ఎందుకు పెట్టుకున్నా?"

"తెలీదు."

"ఇవి తీసి పారేస్తే కొత్తవాటిని దేనికి కట్టాల? నీ పిలకకా? పాతది మగ్గంలో ఉంటేనే కొత్తది ఎక్కేది."

పల్లవి ఆ పోగుల మీద వేలు ఆనించి చూసింది. "అన్నీ కట్టినంక పాతవి తీసేస్తారా?"

లక్ష్మమ్మ వేళ్లు ఆగిపోయాయి. తీసేస్తారు. అతుకులు ముందుకు లాగినాక ఆ కొసలు తుంచి పారేయవలసిందే.

"నీకు వకీలు పని సరిపోతాది" అని, మళ్లీ పోగు అందుకుని, "మనుషులు పోగులు కాదులే. పో, చెయ్యి కడుక్కో" అంది.

మాటలతో తెగే విషయం కాదని అప్పుడు తెలిసింది. ఆ పిల్ల కళ్లతో చూసిన దాన్ని కళ్లతో చూసిన దానితోనే కొట్టేయాలి. బయలుదేరే ముందు చెప్పాను. "వచ్చే ఆదివారం పదింటికి మీ ఇంటికి వస్తా. మిషను తెస్తా. ముందు నేను ఎక్కుతా."

"తర్వాత?"

"మీ నాయన."

"నాయన ఎక్కితే పగిలిపోతాది" అంది చాలా గంభీరంగా.

డిసెంబరు 1. ముందు రోజు రాత్రి పల్లవి సగమే తిన్నదని ఎస్తేరు చెప్పింది. సగం తిన్నదంటే సగం నమ్మిందని అనుకున్నాను. మిషను హాలు మధ్యలో పెట్టి నేను ఎక్కాను. 54 కిలోల 300. నోటుబుక్కు పల్లవి చేతికి ఇచ్చి రాయమన్నాను. నాగభూషణం 81.6. మిషను పగల్లేదు. ఎస్తేరు 62. ఆ పూటకని వచ్చిన లక్ష్మమ్మ 47.1. అందరికీ ఫోటోలు తీశాను. నన్ను పల్లవి తీసింది. తల సగమే పడింది. ఎస్తేరు కొత్త చీర కట్టుకుంది, అది నేను చెప్పినందుకే.

పల్లవి కిటికీ దగ్గరకు వెళ్లి వీధి చూస్తూ నిలబడింది. ఎవరూ పిలవలేదు. పదకొండుంబావు దాకా అట్లాగే ఉంది. రెండు ఆటోలు పోయాయి, ఒక పాలబండి పోయింది. కారు రాలేదు. నలుగురం ఇంట్లోనే ఉన్నాం.

వచ్చి, ఎవరూ చెప్పకుండా, మిషను ఎక్కింది. 16 కిలోల 800. తనే రాసుకుంది.

"ఇప్పుడు చెప్పు. తమ్ముడో చెల్లెలో రావచ్చా?"

"మంచం?"

"కొత్తది కొంటాం తల్లీ" అన్నాడు నాగభూషణం.

"కొన్నంక చెప్తా."

నాకు ఆ జవాబు నచ్చింది. మంచం బిడ్డ వచ్చాక కాదు, ముందే రావాలని, పల్లవి మంచాన్ని ఒక్క అంగుళం కూడా జరపకుండా దాని పక్కన వేయాలని వాళ్లకు చెప్పాను. 2వ తేదీ సాయంత్రం మంచం వచ్చింది. 3వ తేదీ పొద్దున ఏడింటికి నా ఫోను మోగింది.

"మేడం, రెండు మంచాలూ పట్టినాయి. రానీ" అంది పల్లవి.

ఆ రోజే రిపోర్ట్ పంపాను. నవంబరు 16న పాప వద్దన్నదని, ఎందుకన్నదో, డిసెంబరు 3న ఏమన్నదో, మూడూ రాశాను. బిడ్డకు తిండి పెట్టడంలో ఆ తల్లి లోపం ఏమీ లేదని, తూకాల తేడాకు కారణం తూచడానికి వచ్చిన మనిషేనని రాశాను. పాత ఆరు రిపోర్టులకూ సవరణ ఉత్తరం జతచేశాను. అంకెలు సరైనవే, "బెరుకు స్వభావం" అన్న మాట తప్పు, కొట్టివేయగలరు అని. ఆఫీసు నుంచి ఫోను వచ్చింది.

"మూసేసిన ఫైళ్లకు సవరణ ఎవరడిగారు మేడం?"

"ఎవరూ అడగలేదు. తప్పు ఉంది, అందుకని."

మధ్యలో కరోనా వచ్చి కాగితాలు ఎక్కడివక్కడ ఆగాయి. 2021 అక్టోబరులో వాళ్ల ఇంటికి అబ్బాయి వచ్చాడు. రెండేళ్ల ఒక నెల. మూడు నెలలకు, 2022 జనవరిలో, మొదటి ఫాలో-అప్‌కు వెళ్లాను. తలుపు తీసింది పల్లవే. ఎనిమిదిన్నరేళ్లు. నా చేతిలో సంచి తీసుకుని, మిషను బయటికి తీసి హాలు మధ్యలో పెట్టింది. పిల్లవాడు సోఫా వెనక నుంచి తొంగి చూస్తున్నాడు. వాడి ఒంటిమీద పాత బనియను.

"ముందు నువ్వు ఎక్కు మేడం" అంది గొంతు తగ్గించి. "వాడు చూస్తాండాడు."

చెప్పులు విప్పి ఎక్కాను. నా పెన్ను తీసుకుని పల్లవి రాసింది.

ఆ తర్వాత నేను పనిచేసిన రెండేళ్లలో ఏ ఇంట్లోనూ నాకంటే ముందు బిడ్డను తూచలేదు. రాసుకునే కాగితంలో రెండు గళ్లు పెంచాను: నిన్న రాత్రి ఏం తిన్నది, ఈ రోజు ఏ బట్టలు వేసుకుంది. అంకె సరిగ్గా ఉంటే చాలదని, అది ఏ రోజు అంకో, ఎవరిని చూసి వచ్చిన అంకో కూడా రాయాలని అరవై నాలుగో ఏట నేర్చుకున్నాను. నేర్పిన పిల్లకు అప్పుడు ఆరేళ్లు. ఆ నోటుబుక్కు నా దగ్గరే ఉంది. 2022 జనవరి పేజీలో పల్లవి రాతలో మూడు వరసలు: మేడం 55.1, నేను 22.4, తమ్ముడు 10.6. కింద, నేను చెప్పకుండానే, తను రాసుకున్న ఇంకో వరస: "అందరూ ఇంట్లోనే ఉండారు."